ప్రవాసుల స్వదేశ ఫోను నంబరు

విదేశంలో నివసించే వ్యక్తి స్వదేశంలోని తన బ్యాంకు ఖాతాకు జతచేసిన మొబైల్ ఫోను నంబరును రద్దు కాకుండా నిలుపుకొనే ఏర్పాటును స్వదేశ ఫోను నంబరు నిర్వహణ అనవచ్చును. భారతదేశంలో బ్యాంకు లావాదేవీల ధ్రువీకరణ ఎక్కువగా ఈ నంబరుకు వచ్చే ఒకసారి వాడే సంకేత సంఖ్య ద్వారా జరుగుతుంది. దీనినే వాడుకలో ఓటీపీ అంటారు. ఖాతాలోని సొమ్ము ఖాతాదారుని ఆస్తి. ఆ ఖాతాను తెరిచే తాళం వంటి ఫోను నంబరు మాత్రం అతని ఆస్తి కాదు. అది టెలికాం సంస్థ షరతులతో ఇచ్చే సేవ మాత్రమే. గడువులోగా రీఛార్జి చేయక, వాడకం లేక నంబరు రద్దయినచో ఖాతా క్షేమంగా ఉన్నప్పటికీ ఖాతాదారునికి అందుబాటులో లేకుండా పోతుంది. కొంతకాలం తరువాత అదే నంబరు పరిచయం లేని మరొక వ్యక్తికి కేటాయించబడవచ్చును.

విశాఖపట్నంలో ఈ అంశం

విశాఖపట్నం నుండి విదేశాలకు వెళ్ళేవారు ప్రధానంగా మూడు రకాలు. మొదటివారు నావికులు. ఇక్కడి ఓడరేవు 1933లో ప్రారంభమైంది. నౌకానిర్మాణ కేంద్రం 1941 నుండి ఉన్నది. భారతీయ సముద్ర విశ్వవిద్యాలయపు ప్రాంగణం కూడా నగరంలో ఉన్నది. రెండవవారు పారిశ్రామిక కార్మికులు. 1992లో జాతికి అంకితమైన విశాఖ ఉక్కు కర్మాగారం, దాని చుట్టుపక్కల గాజువాక, ఆటోనగర్ ప్రాంతాల కర్మాగారాలలో పని నేర్చిన వెల్డర్లు, ఫిట్టర్లు, రిగ్గర్లు గల్ఫ్ దేశాలకు వెళ్తుంటారు. మూడవవారు ఉన్నత చదువులకూ, సాఫ్ట్‌వేరు ఉద్యోగాలకూ అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, ఐరోపా దేశాలకు వెళ్ళేవారు.

ఈ మూడు వర్గాల అవసరం ఒకటే అయినా ఇబ్బందులు వేరువేరు. నడిసముద్రంలో ఉన్న నావికునికి సిగ్నలు ఉండదు. గల్ఫ్ కార్మికుని వద్ద తరచుగా ఒకే ఫోను ఉంటుంది. అందులో అక్కడి సిమ్ వేసుకొన్నప్పుడు స్వదేశపు సిమ్ పెట్టెలోకి చేరుతుంది. అమెరికాలోని విద్యార్థికి కాలభేదం అడ్డు వస్తుంది. చలికాలంలో విశాఖపట్నంలో ఉదయం పదిన్నర గంటలైనప్పుడు అమెరికా తూర్పు తీరంలో అర్ధరాత్రి అవుతుంది.

చరిత్ర

మొబైల్ ఫోనులు రాకముందు విదేశంలో ఉన్నవారి బ్యాంకు పనులు సంతకం మీద నడిచేవి. డిమాండు డ్రాఫ్టులు, సంతకం చేసి ఇంట్లో ఉంచిన చెక్కులు, ఉమ్మడి ఖాతాలు, అధికార పత్రాలు ఇందుకు సాధనాలు. నావికుల విషయంలో జీతంలో కొంత భాగాన్ని నౌకా సంస్థ నేరుగా కుటుంబానికి పంపే అలాట్‌మెంటు పద్ధతి ఉండేది. ఇది నేటికీ ఉన్నది.

భారతీయ రిజర్వు బ్యాంకు 2009 ఫిబ్రవరిలో ఇచ్చిన ఉత్తర్వు ఈ పరిస్థితిని మార్చింది. కార్డును చూపకుండా అంతర్జాలంలో జరిపే చెల్లింపులకు, కార్డుపై కనిపించే వివరాలతో పాటు అదనపు ధ్రువీకరణ ఉండాలని ఆ ఉత్తర్వు నిర్దేశించింది. ఇది 2009 ఆగస్టు 1 నుండి అమలయింది. అదనపు ధ్రువీకరణ ఏ రూపంలో ఉండాలో రిజర్వు బ్యాంకు నిర్ణయించలేదు. అయితే దేశంలో దాదాపు ప్రతి ఖాతాదారుని వద్ద మొబైల్ ఫోను ఉండడం వలన బ్యాంకులు క్రమంగా సంక్షిప్త సందేశాన్నే ఎంచుకొన్నాయి.

అప్పట్లో నంబరును నిలుపుకోవడం కష్టం కాదు. 2005 చివరి నుండి టెలికాం సంస్థలు జీవితకాల గడువు గల ప్రీపెయిడ్ పథకాలను అమ్మాయి. ఒకసారి డబ్బు చెల్లించి విదేశానికి వెళ్ళినవారు అప్పుడప్పుడు కొద్దిపాటి రీఛార్జితో నంబరును కాపాడుకొనేవారు. 2018 నవంబరులో ప్రధాన సంస్థలు కనీస రీఛార్జి విధానాన్ని ప్రవేశపెట్టాయి. 28 రోజులకు 35 రూపాయల పథకంతో ఇది మొదలై, తరువాతి సంవత్సరాలలో కనీస మొత్తం పలుమార్లు పెరిగింది. అప్పటినుండి నంబరును నిలుపుకోవడం క్రమం తప్పని ఖర్చుగా మారింది.

ఆ సంవత్సరాలలోనే పలు టెలికాం సంస్థలు మూతపడడం గాని, ఇతర సంస్థలలో కలిసిపోవడం గాని జరిగింది. రిలయన్స్ కమ్యూనికేషన్స్ 2017 చివరిలో మొబైల్ కాల్ సేవలను నిలిపివేసింది. ఎయిర్‌సెల్ 2018లో దివాలా తీసింది. మూతపడుతున్న సంస్థ నంబరును కాపాడుకోవాలంటే దానిని మరొక సంస్థకు మార్చుకోవాలి. అందుకు అదే నంబరు నుండి 1900కు సందేశం పంపి కోడ్ పొందాలి, ఆపై కొత్త సంస్థ దుకాణానికి గుర్తింపు పత్రంతో స్వయంగా వెళ్ళాలి. విదేశంలో ఉన్నవానికి ఈ రెండవ మెట్టు సాధ్యపడదు.

నంబరు అవసరమయ్యే పనులు

స్వదేశ నంబరుతో ముడిపడిన పనులు బ్యాంకుకు మాత్రమే పరిమితం కావు.

నెట్ బ్యాంకింగ్: కొత్త వ్యక్తి ఖాతాను చేర్చడానికి, సొమ్ము బదిలీకి, సంకేతపదం మార్చుకోవడానికి సంకేత సంఖ్య కావాలి. మరచిన సంకేతపదాన్ని తిరిగి పొందే దారి కూడా సాధారణంగా ఈ నంబరు గుండానే పోతుంది.

కార్డు చెల్లింపులు: భారతీయ కార్డుతో భారతీయ వ్యాపారికి చెల్లించినప్పుడు సంకేత సంఖ్య అడుగుతారు. విదేశీ వ్యాపారి వద్ద తరచుగా అడగరు. అందువలన విదేశంలో కార్డు పనిచేస్తున్నదని నిశ్చింతగా ఉన్నవారు, ఇంటి విద్యుత్తు బిల్లు గాని రైలు టిక్కెట్టు గాని కొనబోయినప్పుడు తమ నంబరు పోయిన సంగతి గ్రహిస్తారు.

యూపీఐ: ఫోనును నమోదు చేసుకొనేటప్పుడు ఆ ఫోనులోని సిమ్ నుండి ఒక సందేశం బయటికి వెళ్ళాలి. అంటే సందేశం అందుకొంటే చాలదు, పంపగలగాలి.

ఆధార్: ఆధార్ సంస్థ భారతీయ నంబర్లకు మాత్రమే సంకేత సంఖ్యను పంపుతుంది. ఆదాయపు పన్ను రిటర్నును ధ్రువీకరించే మార్గాలలో ఆధార్ ఒకటి.

భవిష్య నిధి: ఉక్కు కర్మాగారంలోనో, దాని గుత్తేదారుల వద్దనో పనిచేసి గల్ఫ్‌కు వెళ్ళిన కార్మికునికి భవిష్య నిధి ఖాతా ఉంటుంది. 2014లో వచ్చిన ఏకీకృత ఖాతా సంఖ్య ద్వారా ఆ సొమ్మును అంతర్జాలంలో కోరడానికి నమోదైన మొబైల్ నంబరు పనిచేస్తూ ఉండాలి.

సందేశం విదేశానికి చేరే విధానం

విదేశంలో ఫోనును తెరిచినప్పుడు అందులోని భారతీయ సిమ్ అక్కడి నెట్‌వర్కులో అతిథిగా నమోదవుతుంది. ఆ సమాచారం స్వదేశంలోని టెలికాం సంస్థ వద్ద ఉండే హోం లొకేషన్ రిజిస్టరు అనే పట్టికకు చేరుతుంది. బ్యాంకు పంపిన సందేశం మొదట సందేశ కేంద్రానికి వస్తుంది. ఆ కేంద్రం పట్టికను చూసి ఫోను ఏ దేశంలో, ఏ నెట్‌వర్కులో ఉన్నదో తెలుసుకొని అక్కడికి సందేశాన్ని పంపుతుంది. ఫోను కట్టేసి ఉన్నచో సందేశాన్ని కొంతకాలం నిల్వ ఉంచి మరల ప్రయత్నిస్తుంది. సంకేత సంఖ్యల గడువు కొద్ది నిమిషాలే గనుక ఆలస్యంగా వచ్చిన సందేశం వలన ప్రయోజనం ఉండదు.

ఈ గొలుసు పనిచేయడానికి నాలుగు షరతులున్నాయి. సిమ్‌కు అంతర్జాతీయ రోమింగ్ సౌకర్యం ఉండాలి. ప్రీపెయిడ్ పథకపు గడువు తీరి ఉండరాదు. స్వదేశ సంస్థకూ, ఆ దేశంలోని ఏదో ఒక సంస్థకూ రోమింగ్ ఒప్పందం ఉండాలి. చేతిలోని ఫోను అక్కడి సాంకేతిక పద్ధతికి సరిపోవాలి.

చివరి షరతు ఇటీవలి కాలంలో ముఖ్యమైంది. సింగపూరు 2017లో రెండవ తరం నెట్‌వర్కులను మూసివేసింది. అమెరికాలో ప్రధాన సంస్థలు 2022లోనూ, ఆస్ట్రేలియాలో 2024లోనూ మూడవ తరం నెట్‌వర్కులను ఆపివేశాయి. స్వదేశపు సిమ్ కోసం పాత చిన్న ఫోనును పెట్టెలో పెట్టుకొని వెళ్ళేవారికి ఆయా దేశాలలో అది పనిచేయదు. రెండు సిమ్‌లు పట్టే ఫోను గాని, ఫోనులోనే ఇమిడి ఉండే ఇ-సిమ్ గాని ఈ లోటును చాలావరకు తీరుస్తుంది.

రోమింగులో సందేశం అందుకోవడానికి సాధారణంగా రుసుము ఉండదు. కాల్ తీసుకొన్నా, డేటా వాడినా ఖర్చు ఎక్కువ. అందుచేత స్వదేశ సిమ్‌కు డేటా రోమింగ్‌ను ఆపి ఉంచడం వాడుక.

నంబరు రద్దయ్యే క్రమం

నంబరు ఒక్కసారిగా పోదు. ముందుగా పథకం గడువు తీరుతుంది. బయటికి వెళ్ళే కాల్‌లు, సందేశాలు ఆగిపోతాయి. కొద్దిరోజుల తరువాత లోపలికి వచ్చేవి కూడా ఆగిపోతాయి. ఈ దశలో నంబరు ఇంకా ఖాతాదారునిదే. రీఛార్జి చేస్తే సేవ తిరిగి వస్తుంది. ఆ తరువాతి దశ నంబరు పూర్తిగా రద్దు కావడం.

టెలికాం నియంత్రణ ప్రాధికార సంస్థ ట్రాయ్ 2013లో చేసిన నిబంధనల ప్రకారం, 90 రోజులపాటు ఏ వాడకమూ లేనిదే ప్రీపెయిడ్ నంబరును రద్దు చేయరాదు. ఖాతాలో 20 రూపాయల నిల్వ ఉన్నవారికి స్వల్ప రుసుముతో నంబరును నిలిపే ఏర్పాటు ఉండాలి. రద్దయిన తరువాత కూడా తిరిగి పొందడానికి 15 రోజుల అదనపు గడువు ఇవ్వాలి. పోస్టుపెయిడ్ వారికి నంబరును తాత్కాలికంగా భద్రపరచే పథకం ఉండాలి. అయితే భద్రపరచిన కాలంలో ఆ నంబరుకు సందేశాలు రావు. కనుక నంబరును దక్కించుకోవడం, దానికి వచ్చే సంకేత సంఖ్యను అందుకోవడం అనేవి రెండు వేరు విషయాలు. ఖాతాలో 20 రూపాయలు ఉన్నంత మాత్రాన సందేశం వస్తుందని భావించి మోసపోయినవారు ఉన్నారు.

రద్దయిన నంబరును కనీసం 90 రోజులపాటు వేరొకరికి కేటాయించరు. ఆ తరువాత కేటాయించడంలో తప్పులేదనీ, పాత నంబరుతో ముడిపడిన సమాచారాన్ని తొలగించుకోవలసిన బాధ్యత పాత వినియోగదారునిదేననీ 2023 నవంబరులో సుప్రీం కోర్టు అభిప్రాయపడింది.

మారిన యజమాని

నంబరు రద్దయిన సంగతి చాలాకాలం పాటు బ్యాంకులకు తెలిసేది కాదు. టెలికాం సంస్థ ఆ నంబరును కొత్త వినియోగదారునికి ఇస్తే, పాత ఖాతాదారుని నిల్వ వివరాలు, సంకేత సంఖ్యలు ఆ కొత్తవారికి చేరేవి. ఇందులో ఆ కొత్తవారి తప్పేమీ లేదు. కాని దురుద్దేశం గలవారి చేతిలో పడినచో ప్రమాదమే.

ఈ లోపాన్ని సరిచేయడానికి రద్దయిన నంబర్ల జాబితాను బ్యాంకులు చూసుకొనే ఏర్పాటు చేశారు. రిజర్వు బ్యాంకు 2025 జనవరి 17న ఇచ్చిన ఆదేశంలో, బ్యాంకులు ఈ జాబితాను ఉపయోగించి తమ వద్దనున్న నంబర్లను సరిచూసుకోవాలని, 2025 మార్చి 31 లోగా ఇది అమలు కావాలని పేర్కొన్నది. దీనివలన ఖాతా భద్రత పెరిగింది. అదే సమయంలో విదేశంలో ఉండి నంబరును పోగొట్టుకొన్నవారికి పాత నంబరు ఖాతా నుండి తొలగిపోయే అవకాశమూ ఏర్పడింది.

సిమ్ మార్పిడి మోసం మరొక ప్రమాదం. నేరగాడు ఖాతాదారుని పేరుతో నకిలీ పత్రాలు చూపి అదే నంబరుకు కొత్త సిమ్ తీసుకొంటాడు. అసలు సిమ్ ఆ క్షణాన మూగపోతుంది. స్వదేశంలో ఉన్నవాడు కొన్ని గంటలలో గ్రహిస్తాడు. విదేశంలో ఆ సిమ్‌ను పదిహేను రోజులకొకసారి మాత్రమే చూసేవాడు ఆలస్యంగా తెలుసుకొంటాడు. సిమ్ మార్చిన తరువాత 24 గంటలపాటు సందేశాలు నిలిపివేయాలని 2022లో టెలికాం శాఖ ఆదేశించింది. సిమ్ మార్చిన ఏడు రోజుల వరకు ఆ నంబరును మరొక సంస్థకు మార్చుకోరాదనే నియమం 2024 జూలై 1 నుండి అమలులో ఉన్నది.

ఇంటివద్ద ఉంచే సిమ్

ఎక్కువమంది ఆచరించే పద్ధతి సిమ్‌ను తల్లిదండ్రుల వద్దనో, భార్య వద్దనో వదలి వెళ్ళడం. అవసరమైనప్పుడు ఫోను చేసి అంకెలు చదివించుకొంటారు. రీఛార్జి కూడా ఇంటివారే చేయిస్తారు. ఇది చవకైనది, సులభమైనది. ఇందులోని చిక్కులు మూడు.

మొదటిది నియమాలకు సంబంధించినది. సంకేత సంఖ్యను ఎవరికీ చెప్పరాదని బ్యాంకులు ప్రతి సందేశంలోనూ హెచ్చరిస్తాయి. మోసపూరిత లావాదేవీలలో వినియోగదారుని బాధ్యతపై రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, బ్యాంకు తప్పూ వినియోగదారుని తప్పూ లేని సందర్భంలో మూడు పనిదినాల లోపల ఫిర్యాదు చేసినచో వినియోగదారునికి నష్టం ఉండదు. కాని రహస్య వివరాలను ఇతరులకు చెప్పడం వంటి నిర్లక్ష్యం వలన నష్టం జరిగితే, బ్యాంకుకు తెలియజేసే వరకు జరిగిన నష్టం వినియోగదారుడే భరించాలి. కుటుంబసభ్యునితో పంచుకోవడం సదుద్దేశంతోనే జరిగినా వివాదం వచ్చినప్పుడు అది ఖాతాదారునికి ప్రతికూలం కాగలదు.

రెండవది వృద్ధులకు సంబంధించినది. బ్యాంకు అధికారులమంటూ ఫోను చేసే మోసగాళ్ళకు అంకెలు చదివి వినిపించడం అలవాటైన పెద్దలు సులభంగా దొరకుతారు. అబ్బాయికి చెప్పే అంకెలకూ, అపరిచితునికి చెప్పే అంకెలకూ వారి దృష్టిలో తేడా కనిపించకపోవచ్చును.

మూడవది సిమ్ ఎవరి పేరున ఉన్నదనే ప్రశ్న. చదువుకొనే రోజులలో తండ్రి పేరున తీసుకొన్న సిమ్‌ను పిల్లలు వాడుతూ వస్తారు. ఆ సిమ్ పాడైనా, పోయినా నకలు సిమ్ పేరు గలవారికే ఇస్తారు. పేరు గలవారు మరణించినచో నంబరును తిరిగి పొందడం మరింత కష్టమవుతుంది. ప్రయాణానికి ముందే నంబరును సొంత పేరుకు బదిలీ చేయించుకొంటే ఈ చిక్కు ఉండదు.

నావికుల ప్రత్యేక పరిస్థితి

నౌక తీరానికి దూరమైన కొద్ది గంటలకే మొబైల్ సిగ్నలు అందదు. ఉపగ్రహ అంతర్జాలం ఉన్న ఓడలలో ఈ-మెయిలు, సందేశ అనువర్తనాలు పనిచేస్తాయి గాని సిమ్‌కు వచ్చే సందేశం రాదు. అందువలన ఓడ రేవుకు చేరిన రోజులలోనే బ్యాంకు పనులు చూసుకోవలసి ఉంటుంది. సముద్ర కార్మికుల ఒప్పందానికి చేసిన సవరణలు 2024 డిసెంబరు 23 నుండి అమలులోకి వచ్చి, ఓడలలో నావికులకు అంతర్జాల సౌకర్యం కల్పించవలసిన అవసరాన్ని గుర్తించాయి. ఇది ఇంటితో మాట్లాడడానికి మేలు చేసినా సంక్షిప్త సందేశపు సమస్యను తీర్చదు.

2015లో భారతదేశం ఆమోదించిన అదే ఒప్పందం, జీతంలో నావికుడు కోరిన భాగాన్ని క్రమం తప్పక కుటుంబానికి పంపే ఏర్పాటు ఉండాలని చెబుతుంది. దీనికి ఏ సంకేత సంఖ్యా అక్కరలేదు. కుటుంబ ఖర్చు అలాట్‌మెంటు ద్వారా భార్య ఖాతాలో పడునట్లు ఏర్పాటు చేసుకొన్న నావికునికి నంబరు మూగపోయినా ఇల్లు గడుస్తుంది.

ప్రయాణానికి ముందు చేసుకొనే ఏర్పాట్లు

విదేశీ మారకద్రవ్య నియమాల ప్రకారం ఉద్యోగం వంటి కారణాలతో విదేశంలో స్థిరపడినవారు తమ సాధారణ పొదుపు ఖాతాను ఎన్.ఆర్.ఓ. ఖాతాగా మార్చుకోవాలి. విదేశీ సంపాదనకు ఎన్.ఆర్.ఇ. ఖాతా తెరవవచ్చును. ఈ మార్పు చేసుకొనే సమయమే నంబరు విషయం చక్కదిద్దుకోవడానికి అనువైనది. పలు బ్యాంకులు ప్రవాస ఖాతాలకు విదేశీ నంబరును నమోదు చేసుకొంటాయి. కొన్ని ఈ-మెయిలుకు కూడా సంకేత సంఖ్య పంపుతాయి. శాఖలో స్వయంగా సంతకం చేయవలసిన పనులు బయలుదేరే ముందు సులభం, తరువాత కష్టం.

నంబరును నిలుపుకోదలచినవారు సాధారణంగా పాటించే జాగ్రత్తలు ఇవి: సిమ్‌ను సొంత పేరున ఉంచుకోవడం, అంతర్జాతీయ రోమింగ్‌ను స్వదేశంలో ఉండగానే ప్రారంభించి చూడడం, దీర్ఘకాలపు పథకం వేయించడం, గడువు తేదీని ఇంట్లో మరొకరికి కూడా తెలియజేయడం, అప్పుడప్పుడు ఆ నంబరు నుండి ఒక కాల్ గాని సందేశం గాని పంపడం.

2024 డిసెంబరులో ట్రాయ్ చేసిన సవరణ వీరికి ఉపకరించింది. డేటా అవసరం లేనివారి కోసం కాల్‌లు, సందేశాలు మాత్రమే ఉండే పథకాలను సంస్థలు తప్పక ఇవ్వాలనీ, ప్రత్యేక పథకాల గడువు 90 రోజులకు బదులు 365 రోజుల వరకు ఉండవచ్చుననీ అది నిర్దేశించింది. 2025 జనవరి నుండి ఇటువంటి పథకాలు అందుబాటులోకి వచ్చాయి.

ప్రత్యామ్నాయాలు

ఇంటి ఖర్చులను నంబరుపై ఆధారపడకుండా జరిపే మార్గాలు కొన్ని ఉన్నాయి. అద్దె, రుణ వాయిదాల వంటి వాటికి బ్యాంకుకు ముందుగా స్థాయీ ఆదేశం ఇవ్వవచ్చును. ప్రవాస ఖాతాపై స్వదేశంలోని వ్యక్తికి అధికార పత్రం ఇవ్వవచ్చును. ఆ వ్యక్తి స్థానిక చెల్లింపులు చేయగలడు. ఖాతాదారుని పేరనే విదేశానికి సొమ్ము పంపగలడు. అంతకు మించిన అధికారాలు పరిమితం. ఇది ఇంటివారితో అంకెలు చదివించుకోవడానికి చట్టబద్ధమైన ప్రత్యామ్నాయం.

యూపీఐ విషయంలో, భారత జాతీయ చెల్లింపుల సంస్థ 2023 జనవరిలో అమెరికా, సింగపూరు, యు.ఏ.ఇ., సౌదీ అరేబియా, ఖతార్, ఒమన్, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, హాంకాంగ్ నంబర్లు గల ప్రవాసులకు వారి ఎన్.ఆర్.ఇ., ఎన్.ఆర్.ఓ. ఖాతాల ద్వారా యూపీఐ వాడుకొనే వీలు కల్పించింది. ఉత్తరాంధ్ర కార్మికులు ఎక్కువగా వెళ్ళే గల్ఫ్ దేశాలు కొన్ని ఇందులో ఉన్నాయి. కువైట్, బహ్రెయిన్ ఆ తొలి జాబితాలో లేవు.

రిజర్వు బ్యాంకు 2025 సెప్టెంబరు 25న ధ్రువీకరణ విధానాలపై కొత్త నిర్దేశాలు వెలువరించింది. వీటి అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. వీటి ప్రకారం చెల్లింపులకు రెండు ధ్రువీకరణలు తప్పనిసరి. అయితే వాటిలో ఒకటి సంక్షిప్త సందేశమే కానక్కరలేదు. ఫోనులోని అనువర్తనం, వేలిముద్ర, ప్రత్యేక పరికరం వంటివి కూడా వాడవచ్చును. సందేశం ద్వారా వచ్చే సంకేత సంఖ్యను రద్దు చేయలేదు. విదేశీ వ్యాపారులకు భారతీయ కార్డుతో చేసే చెల్లింపులలో వ్యాపారి కోరినప్పుడు అదనపు ధ్రువీకరణ జరిపే ఏర్పాటుకు 2026 అక్టోబరు 1ని గడువుగా నిర్ణయించారు. అనువర్తనాన్ని కొత్త ఫోనులో నమోదు చేసుకోవడానికి చాలా బ్యాంకులు మొదట నమోదైన నంబరునే అడుగుతాయి. అందువలన సంకేత సంఖ్య అవసరం తగ్గినా నంబరు అవసరం ఇప్పట్లో పూర్తిగా తీరిపోదు.

నంబరు పోయినచో

నంబరు రద్దయినట్లు తెలిసిన వెంటనే మొదట చేయవలసినది రీఛార్జికి ప్రయత్నించడం. అదనపు గడువులో ఉన్నచో నంబరు తిరిగి రావచ్చును. రానిచో బ్యాంకుకు తెలియజేసి పాత నంబరుకు సందేశాలు వెళ్ళకుండా ఆపించాలి. ఆ తరువాత కొత్త నంబరు నమోదుకు దరఖాస్తు చేయాలి. బ్యాంకును బట్టి భారత రాయబార కార్యాలయం లేదా నోటరీ ధ్రువీకరించిన పాస్‌పోర్టు నకలును తపాలాలో కోరవచ్చును. ఆధార్‌లో మొబైల్ నంబరు మార్పును స్వదేశానికి వచ్చినప్పుడు నమోదు కేంద్రంలో చేయించుకోవచ్చును. సెలవుపై విశాఖపట్నం వచ్చే ప్రవాసులు చూసుకొనే పనులలో ఇది కూడా చేరింది. సొమ్ము పోయినట్లు అనుమానం ఉన్నచో బ్యాంకుకు వెంటనే ఫిర్యాదు చేయాలి. ఇంటివద్ద ఉన్నవారు జాతీయ సైబరు నేరాల సహాయ సంఖ్య 1930కు ఫోను చేయవచ్చును.